అమ్మాయితో కలిసి పాత జీపు బాగుచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది హిందూపురం దగ్గర పల్లె. ఉద్యోగం, కాపురం బెంగళూరు. చింతచెట్టు కింద పడి ఉన్న 1968 మోడల్ మహీంద్రా సీజే-3బీ పెట్రోలు జీపును తెచ్చి, మా అమ్మాయీ నేనూ రెండున్నరేళ్ళు దానితో కుస్తీ పట్టి రోడ్డెక్కించాం. మొదలుపెట్టినప్పుడు తను ఏడో తరగతి, ఇప్పుడు పది. అప్పటి నుంచి లిఫ్టులో, పెళ్ళిళ్ళలో, సిగ్నల్ దగ్గర పక్క బండి మీంచి జనం అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే. ఇప్పుడు ఎవరడిగినా ముందు ఇది చదవమని పంపిస్తున్నాను.

అసలు ఏ బండి తీసుకోవాలి?

సామాన్లు దొరికే బండి. పెద్దవాళ్ళం ఒక గేరు కోసం ఎనిమిది నెలలు ఆగుతాం, పన్నెండేళ్ళ పిల్ల ఆగదు.

రెండో ప్రపంచయుద్ధం నాటి విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ మీద అందరికీ మనసే. 1941 నుంచి 1945 దాకా తయారైనవి, ఎడమచేతి స్టీరింగ్, 6 వోల్టుల కరెంటు. అసలువి తక్కువ, విల్లీస్ అని చెప్పి అమ్మేవి ఎక్కువ. మొదటి బండిగా వద్దు.

మహీంద్రా వాళ్ళు 1940ల చివర్లో విల్లీస్ జీపుల భాగాలు తెప్పించుకుని బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. తర్వాత ఇక్కడే తయారైన సీజే-3బీయే మనం చిన్నప్పుడు చూసిన తాసీల్దారు జీపు, ఎస్సైగారి జీపు, మైకు కట్టుకుని ఓట్లడిగిన జీపు. ఎత్తు బానెట్ చూసి గుర్తుపట్టొచ్చు. ఆ ఎత్తుకో కారణం ఉంది. యుద్ధకాలం జీపు ఇంజనులో వాల్వులన్నీ సిలిండర్ల పక్కన, బ్లాకులోనే ఉండేవి. 3బీకి పెట్టిన హరికేన్ ఇంజనులో పెట్రోలు-గాలి లోపలికి తీసుకునే వాల్వులు పైన హెడ్‌లోకి వెళ్ళాయి, పొగ బయటికి పంపేవి కిందే ఉండిపోయాయి. కెపాసిటీ అదే 2.2 లీటర్లు, శక్తి మాత్రం 60 హార్స్‌పవర్ నుంచి 70 దాటింది. ఇంజను పొడుగైంది కాబట్టి బానెట్ లేపక తప్పలేదు. మా అమ్మాయిని ఈ జీపు వైపు తిప్పింది ఈ ఒక్క సంగతే. "అంటే ఇంజను పెరిగిందని టోపీ పెద్దది కుట్టించారన్నమాట" అంది.

మిగతావాటి గురించి క్లుప్తంగా: ప్యూజో డీజిల్ ఇంజను ఉన్న ఎంఎం540 మొండిది, తేలిగ్గా దొరుకుతుంది. జబల్‌పూర్‌లో సైన్యం కోసం తయారైన నిస్సాన్ జోంగా చూడటానికి ఏనుగు, దాదాపు 4 లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, తాగుడు కూడా ఏనుగుదే. 1985 చివర్లో వచ్చిన మారుతి జిప్సీ అన్నిటికన్నా సులువు. జిప్సీ పాత బండేమిటి అంటారేమో. పిల్లలకు వాళ్ళు పుట్టకముందు వచ్చిందేదైనా పాతదే.

పిల్లల వయసు ఎంత ఉంటే బాగుంటుంది?

పదకొండు, పన్నెండు దాటితే మంచిది. అంతకన్నా చిన్నవాళ్ళు గంటసేపు సరదాగా ఉంటారు, తర్వాత ఫోన్ అడుగుతారు. పద్నాలుగు దాటాక మొదలుపెడితే ట్యూషన్లు వచ్చి మీద పడతాయి. అబ్బాయా అమ్మాయా అన్న ప్రశ్న కూడా తరచూ వస్తుంది, ముఖ్యంగా ఊళ్ళో. దానికి జవాబు రాయడం దండగ.

మేం అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. ఎక్కడ చేయాలి?

బేస్‌మెంట్ పార్కింగ్‌లో మాత్రం వద్దు. అసోసియేషన్ గొడవ అలా ఉంచితే, పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలబారుగా పాకి మూలల్లో నిలుస్తుంది. బేస్‌మెంట్‌లో అది పోయే దారి లేదు. మేం హొసకోటె వైపు తెలిసినవాళ్ళ స్థలంలో రేకుల షెడ్డు నెల అద్దెకు తీసుకున్నాం. ఇంటి నుంచి ఆదివారం పొద్దున ముప్పావుగంట. నిజం చెప్పాలంటే ఆ ముప్పావుగంట కబుర్లు షెడ్డులో పనికన్నా బాగుండేవి. కావలసినవి నాలుగే: గట్టి సిమెంటు నేల, కరెంటు, నీళ్ళు, తాళం.

కొనేముందు ఏం చూడాలి?

ముందు సీ బుక్ (రిజిస్ట్రేషన్ పుస్తకం), తర్వాతే బండి. తుప్పుకు మందుంది, కాగితాలకు లేదు.

ఛాసీ (బండి కింది ఇనుప చట్రం) మీద కొట్టిన నంబరును తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది తీయండి. ఇంజను నంబరు హరికేన్ ఇంజనుకైతే ముందువైపు, వాటర్ పంపు బిగించే చోట బ్లాకు మీద ఉంటుంది. రెండూ సీ బుక్‌తో అక్షరం అక్షరం కలవాలి. మేం చూసిన మొదటి బండికి పుస్తకంలో పెట్రోలు అని ఉంది, బానెట్ లేపితే డీజిల్ ఇంజను. "అదేముంది సార్, అందరూ చేయించుకుంటారు" అన్నాడు అమ్మే ఆయన. అందరూ చేయించుకుంటారు, నిజమే. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజను మార్పు ఆర్టీఓ దగ్గర నమోదు కావాలి. లేకపోతే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గర మనమే ఇరుక్కుంటాం. దండం పెట్టి వచ్చేశాం.

1989కి ముందు బళ్ళకు మూడక్షరాల నంబర్లు ఉండేవి. ఆ పుస్తకాలు చాలావరకు ఇప్పటి ఆన్‌లైన్ రికార్డులోకి ఎక్కలేదు. పాత రిజిస్టరు చూసి ఎక్కించే పని అమ్మేవాళ్ళ చేతే, డబ్బులిచ్చేముందే చేయించండి. ఇంకో జాగ్రత్త: పంజాబు-హర్యానా సరిహద్దులోని దబ్వాలీలో సరికొత్త జీపు బాడీలు తయారవుతాయి. పని బాగుంటుంది, తప్పేమీ లేదు. కానీ కొత్త బాడీకి పాత నంబరు తగిలించి "మా తాతగారి బండి" అని అమ్మేవాళ్ళు ఉంటారు.

ఆంధ్రా రిజిస్ట్రేషన్ బండి బెంగళూరులో తిప్పొచ్చా?

తిప్పొచ్చు, కానీ 12 నెలలు దాటి ఇక్కడే ఉంచుకుంటే కర్ణాటక నంబరు తీసుకోవాలి. దానికి పాత ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (ఫారం 28), పేరు మార్పుకు 29, 30 ఫారాలు, ఇక్కడి లైఫ్ ట్యాక్సు. ట్యాక్సు బండి వయసును బట్టి ఉంటుంది. పదిహేనేళ్ళు దాటిన బండిని తుక్కు చేయాల్సిందేనా అని చాలామంది టెన్షన్ పడతారు. ఆ వయసు నిషేధం ఢిల్లీ చుట్టుపక్కలది. ఇక్కడ సొంత బండి ఫిట్‌నెస్‌లో పాసై, 5 ఏళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుంటే చాలు.

50 ఏళ్ళు దాటింది కదా, వింటేజ్ నంబరు తీసుకోలేదా?

2021లో కేంద్రం తెచ్చిన నియమం అది. 50 ఏళ్ళు దాటి, ఛాసీ, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి 'వీఏ' అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్తగా అయితే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. అయితే రోజువారీ తిరగడానికి ఆ బండి వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు అయితే సరే. మేం జీపు కొన్నదే సంక్రాంతికి ఊరు వెళ్ళడానికి, అందుకే మామూలు రిజిస్ట్రేషన్ మీదే ఉంచాం.

పిల్లలకు ఏ పని ఇవ్వాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి. స్పానర్ అందించే పని ఇవ్వకండి. టార్చి పట్టుకుని నిలబడే పని అసలే ఇవ్వకండి. మా నాన్న ట్రాక్టరు బాగుచేసేటప్పుడు నాకు ఇచ్చిన పని టార్చి పట్టుకోవడమే. టార్చి కదిలిందని తిట్లు తినడం తప్ప ట్రాక్టరు గురించి నాకేమీ రాలేదు.

ఒక భాగం మొత్తం వాళ్ళదే అనండి. మా అమ్మాయికి ముందు కార్బ్యురేటర్ ఇచ్చాను. విప్పడం, కిరోసిన్‌లో కడగడం, జెట్లు ఊది చూడటం, కొత్త ప్యాకింగు వేసి బిగించడం అన్నీ తనే. మూడు ఆదివారాలు పట్టింది, నేనైతే ఒక పూటలో ముగించేవాణ్ణి. చేతులు కట్టుకుని కూర్చోవడం ఆ మూడు వారాల్లో నేర్చుకున్నాను. తర్వాత వైరింగ్ తీసుకుంది, ఆ తర్వాత బ్రేకుల్లో సగం.

బ్రేకుల దగ్గర నేనొక తప్పు చేశాను. ఎఫ్‌సీ తేదీ దగ్గర పడుతోందని, తను పరీక్షలకు చదువుకుంటున్న వారం నేనొక్కణ్ణే వెళ్ళి మిగిలిన రెండు వీల్ సిలిండర్లు బిగించేశాను. తనతో అనలేదు. తను బిగించిన ప్రతి నట్టు మీద ఎర్ర గోళ్ళరంగుతో ఒక గీత పెట్టేది, వదులైతే గీత తప్పుతుంది కాబట్టి తెలుస్తుందని. తర్వాతి ఆదివారం డ్రమ్ము వెనక చూసింది, గీతల్లేవు. ఏమీ అనలేదు. ఇంటికి వచ్చే ముప్పావుగంటా కిటికీలోంచి బయటికే చూసింది. ఆపై వారం ఆ రెండూ విప్పి మళ్ళీ బిగించాం, ఎఫ్‌సీ నెల ఆలస్యమైంది.

మరి ప్రమాదం కాదా? ఏవి చేయనివ్వకూడదు?

కొన్ని ఉన్నాయి, వాటిలో మొహమాటం లేదు.

జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి ఎవరూ దూరకూడదు, మీరైనా సరే. ఇనుప స్టాండులు పెట్టి, చేత్తో ఊపి చూసి, అప్పుడు. మా షెడ్డులో ఈ నియమం గోడ మీద రాసి ఉండేది, రాసింది తనే, అది తప్పినందుకు నాకు రెండుసార్లు ఐస్‌క్రీము జరిమానా వేసింది కూడా తనే.

పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ము తీయగానే గాలి పైపు పెట్టి ఊదడం మెకానిక్కులందరి అలవాటు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళితే తిరిగి రాదు. నీళ్ళతో తడిపి, గుడ్డతో తుడిచి, గుడ్డ కవర్లో కట్టి పారేయాలి. ఆ పూట పిల్లల్ని షెడ్డుకు తేవద్దు. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి పొడి సాండ్‌పేపర్ వద్దు, తడిపి రుద్దడమే, అదీ పెద్దవాళ్ళే మాస్కు పెట్టుకుని.

ఈ జీపులో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. ముందు దాన్ని బయటికి తీసేయండి. ఖాళీ ట్యాంకు కదా అని దానికి వెల్డింగ్ పెట్టబోతారు కొందరు. నిండు ట్యాంకుకన్నా ఖాళీదే ప్రమాదం, లోపలంతా ఆవిరే. వెల్డింగ్, గ్రైండింగ్, రంగు స్ప్రే చేయడం మేం పిల్ల చేతికి ఇవ్వలేదు. మంటలార్పే సిలిండరు ఒకటి తలుపు దగ్గర ఎప్పుడూ ఉండాలి.

మొదట ఏం విప్పాలి?

ఏమీ విప్పకండి. మొదటి ఆదివారం ఫొటోలే. ప్రతి వైరు, ప్రతి క్లిప్పు, ప్రతి మూల. విప్పిన నట్లు బోల్టులు జిప్ కవర్లలో వేసి, చీటీ రాసి, పాత హార్లిక్స్ సీసాల్లో పెట్టాం. తెలుగులో రాయమన్నాను, ఆ వంకతో చదవడం రాయడం కొంచెం వస్తుందని. "ముందర కుడి వయిపు సాక్ అబ్జార్బరు కింద బోలుటు" అని ఇప్పటికీ ఒక చీటీ నా పర్సులో ఉంది.

చక్రాల దగ్గర ఒక హెచ్చరిక. మా బండికి ఎడమవైపు చక్రాల నట్లు ఎదురు మర. మామూలుగా వదులు చేసే వైపు తిప్పితే అవి ఇంకా బిగుసుకుంటాయి. నాకు తెలియదు. పైపు తొడిగి, దాని మీదెక్కి నిలబడి తొక్కాను. స్టడ్డు టప్పున విరిగింది. మా అమ్మాయి వంగి, విరిగిన ముక్క తీసుకుని, మసి తుడిచి చూసింది. చివర చిన్నగా 'ఎల్' అని కొట్టి ఉంది. "నాన్నా, ఇది లెఫ్ట్ అని రాసి ఉంది కదా, చూడలేదా?" కుడివైపు మామూలు మర, ఎడమవైపు ఎదురు మర, చక్రం తిరుగుడుకు నట్టు వదులు కాకూడదని ఆ కాలంలో అలా చేసేవాళ్ళు. మిగిలిన నట్లు తనే విప్పింది, ఎదురు తిప్పి.

తుప్పు ఎలా వదిలించాలి?

చిన్న సామాన్లకు కరెంటు పద్ధతి. పిల్లలకు ఇంతకన్నా మంచి సైన్సు ప్రయోగం లేదు. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు, అందులో రెండు గుప్పిళ్ళు వాషింగ్ సోడా. పనికిరాని ఇనుప ముక్క ఒకటి వేలాడదీసి దానికి బ్యాటరీ చార్జరు ప్లస్, తుప్పు పట్టిన సామానుకు మైనస్. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. స్విచ్ వేస్తే సన్నటి బుడగలు లేస్తాయి, తెల్లారేసరికి నీళ్ళు సాంబారు రంగులోకి వస్తాయి, తుప్పు బ్రష్‌తో ఊడిపోతుంది. ఆ బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి ఆరుబయటే పెట్టాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. స్విచ్ ఆపాకే చెయ్యి పెట్టాలి. ప్లస్‌కు స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం వాడొద్దు, నీళ్ళలో విషపు క్రోమియం దిగుతుంది. స్ప్రింగుల్లాంటివి ఇందులో వేయకండి, పెళుసుబారతాయి.

బాడీ తుప్పుకు అడ్డదారి లేదు. కుళ్ళిన రేకు కోసి కొత్తది అతకాలి. టింకరింగ్ మేస్త్రీ పుట్టీ దట్టంగా పూసి "సూపర్‌గా ఉంది సార్" అంటే జేబులోంచి అయస్కాంతం తీసి ఆనించండి. పుట్టీ ఉన్నచోట అంటుకోదు. మా అమ్మాయి ఫ్రిజ్ మీది అయస్కాంతం పట్టుకుని బాడీ చుట్టూ తిరుగుతుంటే మేస్త్రీకి మొదట చిరాకేసింది, తర్వాత నవ్వొచ్చింది, ఆఖరుకు ఫ్లోరు రేకు మళ్ళీ చేశాడు.

ఇంజను తిరగడం లేదు. పోయినట్టేనా?

తొందరపడకండి. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో డీజిలూ గేర్ ఆయిలూ కలిపి కొంచెం కొంచెం పోసి వారం పదిరోజులు వదిలేయండి. తర్వాత హ్యాండిల్ పెట్టి ఇటూ అటూ మెల్లగా ఆడించాలి. ఒకేసారి బలం పెడితే రింగులు విరుగుతాయి. మాది పదకొండో రోజు వెంట్రుకవాసి కదిలింది.

మేం ఎలాగూ విప్పి బోరింగ్ (అరిగిన సిలిండర్ల లోపలి గోడను కొంచెం పెద్దది చేసి నునుపు చేయడం) చేయించాం. అక్కడో దెబ్బ తిన్నాం. లేత్ షాపు ఒకటి, పేరెందుకులెండి, పిస్టన్లు మా చేతికి రాకముందే బోరు కొట్టేసింది. తర్వాత వచ్చిన ముప్పై సైజు (అసలుకన్నా కాస్త పెద్దవి) పిస్టన్లు ఆ బోరులో గలగలలాడాయి. మళ్ళీ పై సైజుకు వెళ్ళాల్సి వచ్చింది, డబ్బులు రెండుసార్లు. పిస్టన్లు ముందు కొనండి, వాటిని షాపు బల్లమీద పెట్టి, వాటికి సరిపడా బోరు కొట్టమనండి.

బెంగళూరులో సామాన్లు ఎక్కడ దొరుకుతాయి?

కొత్తవి జేసీ రోడ్డులో. ఆ రోడ్డు పొడవునా బండి సామాన్ల కొట్లే. పాతవి, విప్పినవి శివాజీనగరంలో. లేత్ పనికి పీణ్య వైపు వెళ్ళొచ్చు. అవెన్యూ రోడ్డు పక్కన ఆదివారం సంతలో ఒకసారి గేజి దొరికింది, పది సార్లు ఏమీ దొరకలేదు. అయినా వెళ్ళండి, పొద్దున్నే వెళ్ళండి.

కొట్టుకు వెళ్ళేటప్పుడు పాత సామాను చేతిలో ఉండాలి, ఫొటోతో పని కాదు. కన్నడంలో అడిగితే ధర తగ్గుతుందని కాదు గానీ కుర్చీ వేస్తారు. నా కన్నడం అంతంతమాత్రం, బేరమంతా మా అమ్మాయిదే. ఒక కొట్టాయన క్లచ్ ప్లేటు చూపిస్తే మధ్య కన్నంలో వేలు పెట్టి పళ్ళు లెక్కపెట్టింది. మనకు కావలసింది పది పళ్ళది, ఇచ్చింది వేరేది. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడటం మానేసి తనతోనే మాట్లాడాడు.

ఖర్చు ఎంతవుతుంది?

కొన్న ధరకు రెట్టింపు పైన అయింది మాకు. ఎక్కువ తిన్నవి వరసగా ఇంజను పని, టింకరింగ్-రంగు, టైర్లు. నేను వేసుకున్న అంచనాకు దరిదాపుల్లో కూడా లేదు. పిల్లకు లెక్కల పుస్తకం అప్పగించండి. మా ఇంట్లో "ఈ నెల ఇక చాలు" అని చెప్పింది నా భార్య కాదు, పుస్తకం రాసే మనిషి.

మెకానిక్ లేకుండా అవుతుందా?

కాదు. యూట్యూబ్ చూసి గేర్‌బాక్స్ విప్పొచ్చు, బిగించేటప్పుడు మనిషి కావాలి. డెబ్బై దాటిన మేస్త్రీ ఒకాయన మాకు దొరికాడు. ఆర్మీ వేలం జీపుల మీద పెరిగిన చెయ్యి. ముందు చక్రాల కింగ్‌పిన్ బేరింగుల్లో షిమ్ములు (పల్చటి రేకు బిళ్ళలు) ఎన్ని వేయాలో ఆయన స్ప్రింగు త్రాసుతో స్టీరింగు లాగి చూపించాడు. అది వదులుగా ఉంటే గంటకు 50 కిలోమీటర్ల దగ్గర ముందు చక్రాలు పూనకం వచ్చినట్టు ఊగుతాయి. కూలి మాట్లాడేటప్పుడే నేర్పడానికి కూడా డబ్బులిస్తానని చెప్పండి, లేకపోతే పిల్ల అడిగే ప్రశ్నలు ఆయనకు ఆలస్యంలా కనిపిస్తాయి.

మధ్యలో పిల్లకు విసుగు వస్తే?

వస్తుంది. మాకు తొమ్మిదో నెలలో వచ్చింది. బాడీ టింకరింగ్‌కు పోయింది, షెడ్డులో ఛాసీ, కమాను కట్టలు తప్ప ఏమీ లేవు. నాలుగు ఆదివారాలు రానంది. బతిమాలలేదు, నేనూ వెళ్ళలేదు. ఐదో వారం హారన్ ఇంటికి తెచ్చి డైనింగ్ టేబులు మీద వదిలేశాను. సాయంత్రానికి విప్పేసింది. రాత్రి పదింటికి బ్యాటరీకి కలిపి మోగిస్తే పై ఫ్లోరువాళ్ళు దిగి వచ్చారు.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఏం చూసుకోవాలి?

ప్లగ్గులు తీసేసి, ఆయిల్ గేజి ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టండి. అప్పుడు ప్లగ్గులు బిగించండి. హ్యాండిల్‌తో తిప్పేవాళ్ళు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచి, కిందనుంచి పైకి లాగాలి. బొటనవేలు చుట్టి పట్టుకుంటే ఇంజను ఎదురు తన్నినప్పుడు వేలు విరుగుతుంది. హ్యాండిల్ పిల్లలకు ఇవ్వకండి.

మాది మొదటి రోజు స్టార్ట్ కాలేదు. దగ్గింది, కార్బ్యురేటర్ లోంచి తుమ్మింది, అంతే. పెట్రోలు వస్తోంది, ప్లగ్గులో నిప్పు వస్తోంది. ఫైరింగ్ ఆర్డరు (సిలిండర్లలో నిప్పు పడే వరస) 1-3-4-2, వైర్లు సరిగ్గానే ఉన్నాయి, తను గోళ్ళరంగు చుక్కలు పెట్టి మరీ గుర్తులేసింది. మేస్త్రీ ఆ రోజు లేడు. తను చాలాసేపు పుస్తకం తిరగేసి, ఒకటో నంబరు ప్లగ్గు తీసేసి, ఆ కన్నంలో కాగితం ఉండ పెట్టి నన్ను హ్యాండిల్ మెల్లగా తిప్పమంది. ఉండ ఠప్పుమని ఎగిరి రేడియేటర్‌కు తగిలింది. "ఇప్పుడు పిస్టన్ పైకొస్తూ గాలిని నొక్కుతోంది. ఇక్కడ నిప్పు రావాలి కదా. మరి రోటర్ నాలుగో నంబరు వైపు చూస్తోందేంటి?" నాలుగు దెబ్బల ఇంజనులో పిస్టన్ రెండుసార్లు పైకొస్తుంది, ఒకసారి నొక్కడానికి, ఒకసారి పొగ తోయడానికి. నిప్పును వంతులవారీగా ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను (రోటర్ దాని లోపల తిరిగేది) మేం ఆ రెండో దానికి కూర్చోబెట్టాం. వైర్లు ఎదురుబొదురు మార్చాక రెండో తిప్పుకే అందుకుంది. సైలెన్సరు ఇంకా బిగించలేదు, ఆ చప్పుడుకు పక్క తోటలో కొంగలన్నీ లేచిపోయాయి.

ఇప్పటి ఈ20 (20 శాతం ఇథనాలు కలిపిన) పెట్రోలు పాత బండికి పడుతుందా?

ఇథనాలు పాత రబ్బరును తినేస్తుంది, గాలిలో తడిని పీల్చుకుంటుంది. పెట్రోలు పైపులన్నీ ఇథనాలు తట్టుకునే రకానివి వేయండి. పంపు డయాఫ్రం, కార్బ్యురేటర్ సీళ్ళు కూడా. నెలల తరబడి నిలిపేటట్టయితే ట్యాంకు, కార్బ్యురేటర్ ఖాళీ చేయండి. రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోయకండి, బెంగళూరు బోరు నీళ్ళు రెండేళ్ళలో దాన్ని సున్నపు కుండ చేస్తాయి.

మిలిటరీ ఆకుపచ్చ రంగు ఎందుకు వేయలేదు?

వేయకూడదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వది ప్రకారం ఆలివ్ గ్రీన్ రక్షణశాఖ బళ్ళకే. రోడ్డుమీద కనిపిస్తున్నాయి కదా అంటే, కనిపిస్తున్నాయి, పట్టుబడేదాకా. మామూలు రంగు మార్చినా సీ బుక్‌లో ఎక్కించుకోవాలి. మాకు లేత నీలం, చక్రాలు మీగడ రంగు. నేను బూడిద రంగు అన్నాను, ఓడిపోయాను.

బ్రేకులు నమ్మొచ్చా?

నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, ఒకటే మాస్టర్ సిలిండరు, ఒకటే లైను. ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. ప్రతి ప్రయాణం ముందు పెడల్ తొక్కి చూడండి, పైపులు కొత్తవి వేయండి, ముందు బండికి రెండింతల దూరం ఉంచండి. ట్రాఫిక్ కిక్కిరిసే సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర ఆ దూరంలోకి మూడు ఆటోలు దూరతాయి. ఓర్చుకోండి.

పిల్ల నడపొచ్చా?

రోడ్డుమీద 18 నిండి, లైసెన్సు వచ్చేదాకా స్టీరింగ్ పట్టనివ్వకండి. మైనరుకు బండి ఇస్తే 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకు మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లకు 25 ఏళ్ళు నిండేదాకా లైసెన్సు రాదు.

మా నాన్న బీడు పొలంలో, వేరుశెనగ పీకేశాక, నేను పక్కన కూర్చుని, లో గేరు వేసి, మనిషి నడిచేంత వేగంతో ఒక చుట్టు తిప్పింది. ఈ జీపులో మొదటి గేరు పడాలంటే బండి ఆగాలి, నడుస్తుండగా వేస్తే పళ్ళు కరకరమంటాయి. ఒక్కసారి కూడా కరకరమనిపించలేదు. గట్టుమీద కూర్చున్న మా నాన్న మాత్రం "వాడికన్నా నయమే" అన్నాడు, నన్ను చూపించి.

అమ్ముతారా?

ఇది వారానికొకరు అడుగుతారు. తననే అడగమంటాను. మొన్న లేపాక్షి గుడి దగ్గర ఒకాయన మంచి ధరే చెప్పాడు. మా అమ్మాయి కాసేపు ఆలోచించినట్టు నటించి, "ఎడమ వెనక చక్రం నట్లు ఎటు తిప్పితే ఊడతాయో చెప్పండి అంకుల్, ఇచ్చేస్తాం" అంది. ఆయన ధైర్యంగా చెప్పాడు. తప్పు చెప్పాడు.